పాత వెండి కొనే మా వదిన

మా వదిన పోయిందన్న కబురు గూడూరు నుంచి ఫోన్లో వచ్చింది. అప్పుడే అంగడి తెరిచి, పటానికి దండ మార్చి, మొదటి బేరం మొదలుపెట్టాం. ఒక ముసలాయన తెచ్చిన పట్టీల జతను నేను కాటాలో వేశాను. ఫోను ఎత్తిన మా ఆయన "ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగి కుర్చీలో కూర్చుండిపోయాడు. అవతల మాట్లాడుతున్నది వదిన భర్త. పొద్దున రైలుకు బయల్దేరబోతూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కూలబడిందట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

"అక్కా" అంటూ మా ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు. ముసలాయన ధర కోసం నా వైపే చూస్తున్నాడు. ఈ బేరాన్ని ఆమె అయితే ఎంతకు ముగించేదో, ఈ ముసలాయన ఎంత తృప్తిగా మెట్లు దిగేవాడో అన్నదే నాకు తోచిన మొదటి మాట. అలాంటి సమయంలో కూడా నా మనసు అటే పోయింది. మా వదినను తలుచుకోవాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆమె బతికున్నంతకాలం ఆమెను చూసి నేను కుళ్ళుకున్నాను. ఇప్పటికీ ఆ కుళ్ళు పూర్తిగా పోలేదు. ఆమె మీద గౌరవం లేక కాదు. ఉండబట్టే.

నెల్లూరు చిన్నబజారులో మాది చిన్న వెండి అంగడి. కొత్త వస్తువులు అమ్ముతాం, పాతవి కొంటాం. అంగడి పెట్టింది మా మామగారు. ఆయనకు చూపు మందగించేసరికి వదిన హైస్కూల్లో ఉండేదట. బడి నుంచి వచ్చి తండ్రి పక్కన కూర్చుని, గీటురాయి మీద ఆయన గీసిన గీత ఏ రంగులో ఉందో చెప్పేది. అలా చెబుతూ చెబుతూ వ్యాపారమంతా నేర్చుకుంది. గూడూరు జంక్షన్లో రైల్వే ఉద్యోగం చేసే ఆయనతో పెళ్ళయి వెళ్ళాక కూడా అంగడిని వదల్లేదు. పొద్దున రైల్లో నెల్లూరు వచ్చేది, సాయంత్రం రైల్లో తిరిగి పోయేది. మామగారు పోయాక అంగడి మా ఆయన పేరు మీదికి వచ్చింది. పాత వెండి కొనే చోటు మాత్రం ఆమెదే.

నేను మనుబోలు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. బీకాం చదివాను. పెళ్ళిచూపుల్లో మా ఆయన "మా అంగట్లో కూర్చునేవాళ్ళు కావాల" అన్నాడు. ఆ ఒక్క మాట విని పెళ్ళికి ఒప్పుకున్నానంటే అబద్ధం కాదు. పొయ్యి దగ్గర కాకుండా బజారులో, నలుగురి మధ్య, తూకం చేతిలో పట్టుకుని కూర్చునే బతుకు నాకు దొరుకుతుందని సంబరపడ్డాను.

అంగడికి మొదటిసారి వెళ్ళినరోజు కాటా పక్కన ఉన్న పరుపు మీద కూర్చున్నాను. అది ఎవరి చోటో నాకు తెలియదు. కాసేపటికి చేతిలో సంచితో వదిన వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మూలనున్న ముక్కాలిపీట లాక్కుని నాకు కొంచెం ఎడంగా కూర్చుంది. ఇక అప్పటి నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ముక్కాలిపీట వైపు తిరిగారు. మూటలు విప్పింది దాని ముందే, కష్టం చెప్పుకుంది దానికే. పరుపు మీద నేను, నా పక్కన కాటా, ఇద్దరం సామాన్లలాగా ఉండిపోయాం. సాయంత్రానికి నాకు అర్థమైంది. గొప్పతనం ఆ చోటులో లేదు. చోటు లాక్కుంటే వచ్చేది కాదది. కుళ్ళు మొదలైంది ఆరోజే.

పని నేర్పడంలో ఆమె ఏమీ దాచుకోలేదు. దాచుకుని ఉంటే నాకు సుఖంగా ఉండేది, ఆమెను తిట్టుకునేదాన్ని. ఒకరోజు ఎవరో అమ్మిపోయిన కుంకుమ భరిణెను నా చేతిలో పెట్టింది.

"కొత్తది అమ్మితే మజూరి మిగల్తాది, అమ్మాయ్. దానికి బజారంతా పోటీ. పాతది కొనేకాడే మన కూడు ఉండేది" అంది.

"ఎట్ట వదినా?"

"ఇది కాటాలో ఎంత తూగినా అంతా వెండి కాదు. అతుకులకు టంకం ఉండాది, అడుగున లక్క ఉండాది, వెండిలో కలిపిన రాగి ఉండాది. వీటికంతా ఒక అంచనా కట్టి తీసేస్తాం. ఈ పొద్దుటి ధరలో కూడా కొంచెం తగ్గించి కొంటాం. కరిగించి కడ్డీ పోసినాక అసలు వెండి ఎంతుందో తేల్తాది. మన అంచనాకీ తేలినదానికీ నడిమధ్యన ఉండేదే మన లాభం."

"అయితే అంచనా ఎక్కువగా తీసేస్తే లాభం ఎక్కువే కదా?"

"ఎక్కువే. ఒక్కసారికి" అంది.

పాతది ఇచ్చి కొత్తది పట్టుకుపోయేవాళ్ళ సంగతి కూడా అప్పుడే చెప్పింది. పాతదానికి పూర్తి ధర కట్టామని వాళ్ళు మురిసిపోతారట. మనం వదిలింది కొత్తదాని మజూరిలో తిరిగి మన దగ్గరికే వస్తుందట. ధర పెరుగుతుందని తోస్తే కరిగించిన కడ్డీలను చెన్నైకి పంపకుండా ఆపుకోవాలి, పడిపోతుందని తోస్తే ఆ సాయంత్రమే పంపేయాలి. బీకాంలో మూడేళ్ళు చదివినా ఇంత తేటగా ఎవరూ నాకు వ్యాపారం చెప్పలేదు. నేర్చుకున్నందుకు సంతోషించాను, ఆమె దగ్గర నేర్చుకోవాల్సి వచ్చినందుకు బాధపడ్డాను.

ఆమె అలవాట్లు కొన్ని చెబుతాను. గూడూరు నుంచి రోజూ సంచిలో నిమ్మకాయలు తెచ్చేది. వెండి అమ్మడానికి వచ్చినవాళ్ళకు ముందు నిమ్మకాయ నీళ్ళు ఇచ్చేది. అవి తాగి గ్లాసు కింద పెట్టేదాకా బేరం ఎత్తేది కాదు. "దప్పికతో ఉన్నోళ్ళు ఎంతకైనా ఇచ్చేస్తారు. ఆ ధర మనకు అచ్చిరాదు" అనేది. తూకం వేసేటప్పుడు కాటాను అమ్మేవాళ్ళ వైపే తిప్పి పెట్టేది. ధర చెప్పాక "పోయి ఇంకో రెండు అంగళ్ళలో అడిగి రాండి" అని ఆమే పంపేది. మా ఆయనకు గుండె జారిపోయేది. పోయినవాళ్ళు దాదాపు అందరూ తిరిగి వచ్చేవాళ్ళు.

ఇంకో విచిత్రమైన పద్ధతి ఉండేది. తనకు ఎంత మిగులుతుందో అమ్మేవాళ్ళకే చెప్పేసేది. "ఇంత టంకానికి పోతాది. ఇంత నాకు మిగల్తాది. ఊరికే చేసేదానికి నేనేం నీ మేనత్తను కాదు కదా" అనేది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను అదిరిపోయాను. వ్యాపారి తన లాభం నోటితో చెప్పుకోవడం ఎక్కడైనా ఉందా? విన్నవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు. ఆ నవ్వుతో వాళ్ళ బిగువు సడలేది. అమ్ముకోవడానికి వచ్చామన్న సిగ్గు కొంత తగ్గేది.

ఆమె తక్కువ లాభం తీసుకునేదని అనుకోవద్దు. నేను లెక్క కట్టి చూశాను. ఆమెలో ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని కట్టిన లెక్క అది. బజారులో మిగతావాళ్ళు తీసేదానికీ ఆమె తీసేదానికీ పెద్ద తేడా లేదు. మిగతావాళ్ళకు శాపనార్థాలు, ఈమెకు దండాలు. అందరిలాగే డబ్బు సంపాదిస్తూ అందరికంటే ఎక్కువ ప్రేమ ఎలా సంపాదించిందో నాకు అంతుపట్టేది కాదు. ఆమె నిజంగా ధర్మానికి కొని ఉంటే "సరే, డబ్బు పోసి పేరు కొనుక్కుంది" అని ఊరుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

వెండి శాతం చూపించే మిషను వచ్చాక నా కాలం వచ్చిందనుకున్నాను. పట్టుబట్టి మా ఆయన చేత కొనిపించాను. వస్తువును లోపల పెట్టి మీట నొక్కితే కాగితం మీద అంకె వస్తుంది. ఇక గీటురాయి ఎందుకు, దాన్ని చూసే కళ్ళెందుకు? నేను కుర్చీ వేసుకుని మిషను ముందు కూర్చున్నాను. జనం వచ్చారు, కాగితం తీసుకున్నారు, తీసుకుని నేరుగా వదిన దగ్గరికి వెళ్ళారు. "ఇందులో ఏం రాసుండాదో కొంచెం చెప్పమ్మా" అనేవాళ్ళు. ఆమె కాగితం చూసి, "మా అమ్మాయి మిషను సరిగానే చెప్పింది" అనేది. నన్ను పొగడటమే అది. అయినా నాకు ముల్లులా గుచ్చుకునేది.

ఇంట్లో కూడా ఇదే వరస. మా ఆయన ఏది అడిగినా "అక్కను అడుగుదాం" అనేవాడు. మా అమ్మాయి పెళ్ళికి వెండి కంచం ఎంచేటప్పుడు, అంగడినిండా కంచాలున్నా, "అత్త వచ్చి చూడనీ అమ్మా" అంది. అత్త వచ్చింది. నేను అప్పటికే పక్కన తీసిపెట్టిన కంచాన్నే ఎంచింది. "ఇదే తీసుకో బిడ్డా" అంది. మా అమ్మాయి దాన్ని గుండెకు హత్తుకుని "అత్త సెలక్షనే వేరు" అని అందరికీ చూపించింది. 

ఈమధ్య వెండి ధర పిచ్చిపట్టినట్టు పెరిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బీరువాల అడుగున మూటగట్టి మరిచిపోయిన వస్తువులన్నీ బజారుకు వచ్చాయి. మా మెట్ల మీద పొద్దున్నే జనం. సరిగ్గా ఆ రోజుల్లో వదినకు కంటికి శుక్లం ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. దుమ్ములోకి, పొగలోకి వెళ్ళొద్దన్నారు. కొన్ని వారాలు ఆమె గూడూరులోనే ఉండిపోయింది. "అమ్మాయి చూసుకుంటాదిలే" అని ఫోన్లో మా ఆయనతో చెప్పింది.

ఖాళీగా ఉన్న ఆమె పరుపు మీద నేను కూర్చున్నాను. ఆ వారాల్లో నేను చేసిన వ్యాపారం మా అంగట్లో అంతకుముందు ఎవరూ చేయలేదు. తూకం తప్పలేదు, అంచనా తప్పలేదు. కరిగించి చూసినప్పుడు నేను కట్టిన లెక్కకు అటూ ఇటూ వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. మా ఆయన "బాగా చేస్తున్నావు" అన్నాడు. వదినకు ఆ మాట చేరాలని నాకు ఎంత ఆశగా ఉండిందో చెప్పలేను.

అప్పుడు వచ్చింది కరుణమ్మ. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని చేసుకునే కుటుంబం వాళ్ళది. రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలి పంటంతా పోయిందట, గుంటల్లో మళ్ళీ రొయ్యపిల్ల వదలడానికి డబ్బు కావాలి. తన పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి కంచం, రెండు గ్లాసులు తెచ్చింది. పాత గుడ్డలో చుట్టి, పైన చర్చి ఫంక్షన్లో ఇచ్చిన సంచీలో పెట్టుకుంది. సంచి ఒళ్ళోనే పెట్టుకుని అంగడంతా కలయజూసింది.

"పెద్దమ్మ లేదా?"

"కంటి ఆపరేషన్ అయింది. నేను వాళ్ళ మరదలినే. నేనే చూస్తున్నా. ఇట్ట ఇవ్వక్కా" అన్నాను.

ఇచ్చింది. తూకం వేశాను, మిషన్లో పెట్టాను, ధర చెప్పాను. వదిన అయితే ఎంత చెప్పేదో సరిగ్గా అంతే చెప్పాను. కరుణమ్మ కొంచెంసేపు ఆలోచించి, "ఆమె వచ్చినాక వస్తాలేమ్మా" అంది.

నాకు రోషం వచ్చింది. "ఆమె వచ్చినా ఇదే ధర. కావాలంటే టంకానికి ఏమీ తీయను. మొత్తం తూకానికి కట్టిస్తా" అన్నాను. ఆమె కంచం వైపు చెయ్యి చాపింది. "ఈ పొద్దుటి ధరలో కూడా ఏమీ తగ్గించను" అన్నాను. ఆ ధరకు కొంటే మాకు నష్టం. పక్కనున్న మా ఆయన నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూశాడు. నేను పట్టించుకోలేదు. ఆ మూట నా ముందు విప్పాలి, నాకే అమ్మాలి, నన్ను తలుచుకుంటూ మెట్లు దిగాలి. నాకు అప్పుడు కావాల్సింది అదొక్కటే.

కరుణమ్మ కంచాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"ఏంది తల్లీ, ఆయమ్మ అయితే టంకానికింత అని తీస్తాది, తనకింత మిగల్తాదని చెప్తాది. నువ్వేమో ఏమీ తీయనంటాండావు. ఏమీ మిగలకుండా ఎవురైనా యాపారం చేస్తారా? ఇందులో ఏందో ఉండాది. నాకు బయంగా ఉండాది" అని లేచి వెళ్ళిపోయింది.

ఎక్కువ ఇస్తానంటే పారిపోయిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. ఆమె ఆగిన రోజుల్లో ధర పడిపోయి ఉంటే నా కడుపు చల్లబడేది. పడలేదు, ఇంకా పెరిగింది. వదిన నల్ల కళ్ళద్దాలతో తిరిగి వచ్చినరోజే కరుణమ్మ కూడా వచ్చింది. వదిన తీయాల్సినవన్నీ తీసి, తన లాభం తాను చెప్పుకుని కట్టినా, నేను ఇస్తానన్నదానికంటే ఎక్కువే వచ్చింది. వెండి కూడా ఆమె పక్షమే అనుకున్నాను. కరుణమ్మ డబ్బు కొంగున ముడేసుకుంటూ, ఆరోజు జరిగినదంతా నా ముందే వదినకు చెప్పింది. "మీ మరదలు మంచిదేనమ్మా, యాపారం తెలవదు పాపం" అని నా మీద జాలిపడింది కూడా.

వదిన నవ్వి ఆమెను సాగనంపింది. సాయంత్రం "అమ్మాయ్, కళ్ళు ఇంకా మసకగా ఉండాయి, స్టేషన్‌దాకా తోడు రా" అంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసి ఇద్దరం కూర్చున్నాం. రైలు రావడానికి ఇంకా సమయం ఉంది.

"ఒక్క మాట అడుగుతా. ఆమెకు ఎక్కువ ఇయ్యాలని ఉండిందా నీకు, నన్ను తక్కువ చెయ్యాలని ఉండిందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రెండూ" అన్నాను.

ఆమె నవ్వింది.  తర్వాత పట్టాల వైపు చూస్తూ, "నాకూ నీ మీద కడుపుమంటే, అమ్మాయ్" అంది.

"నా మీదనా?"

"బోర్డు మీద నా తమ్ముడి పేరు ఉండాది. రేపు నీ కూతురి పేరు వస్తాది. నువ్వు ఇంట్లో పడుకున్నా అంగడి నీదే. నేను ఎన్నేళ్ళు కూర్చున్నా సాయంత్రానికి సంచి పట్టుకుని రైలెక్కాల్సిందే. నువ్వు కొత్తగా వచ్చి పరుపు మీద కూర్చున్నావు చూడు, ఆ పొద్దు 'లే, అది నా చోటు' అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఏ హక్కుతో అంటాను?"

ఆ మాట విన్నప్పుడు నాకు జాలి కలగాలి. ముందు కలిగింది సంతోషం. ఇన్నేళ్ళూ ఎవరిని చూసి కుళ్ళుకున్నానో ఆమె నన్ను చూసి కుళ్ళుకుంటోందని తెలిస్తే, ఎండలో నడిచినవాళ్ళకు చల్లనీళ్ళు దొరికినట్టు అనిపించింది. జాలి తర్వాత వచ్చింది. రైలు వచ్చింది, ఆమె ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నల్ల కళ్ళద్దాల్లోంచి సరిగా కనపడక, నా పక్కన నిలబడ్డ ఇంకెవరో ఆవిడకు ఊపింది. ఆవిడ కూడా నవ్వి చెయ్యి ఊపింది. ఎవరో తెలియని మనిషి కూడా ఆమెకు చెయ్యి ఊపాల్సిందేనా అని ఆ క్షణంలో కూడా నాకు అనిపించింది.

మర్నాడు మా ఆయనతో అన్నాను. "వదినకు అంగట్లో వాటా రాయండి."

ఆయన ఆశ్చర్యపోయాడు. "అక్క ఎప్పుడూ అడగలేదే."

"ఆమె అడగలేదు. మీరూ అడగలేదు."

ఆయన తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. అక్క రోజూ వస్తుంది, రోజూ పోతుంది, పండక్కి చీర పెడుతున్నాం, అంతటితో సరిపోయిందనుకున్నాడు. కొద్దిరోజుల్లోనే కాగితాలు రాయించి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చదివి, మడిచి, నా వైపు చూసింది. నేను ఆ పని మంచితనం కొద్దీ చేశానని ఆమె అనుకుని ఉండదు. నన్ను నాకంటే బాగా అంచనా కట్టగలదు. ఏ కష్టమూ పడకుండా వచ్చిన దాన్ని చూసి ఇంకొకరు కుళ్ళుకుంటే అందులో నాకేం గొప్ప ఉంది? ఇద్దరికీ సమానంగా ఉంటే, అప్పుడు ఆమెను మించితే, అది మించడం. నేను ఆలోచించింది అది.

వాటా డబ్బు మొదటిసారి చేతికి వచ్చినప్పుడు ఆమె తనకోసం బరువైన గజ్జెల పట్టీలు కొనుక్కుంది. అన్నేళ్ళు వెండి మధ్య కూర్చున్న మనిషి తనకంటూ ఒక్క వస్తువు కొనుక్కోవడం నేను అదివరకు చూడలేదు. నేను మజూరి వద్దన్నాను. "వద్దంటే ఎట్ట? మజూరి లేకపోతే మన అంగడి యాడ నడుస్తాది?" అని పూర్తిగా కట్టింది. 'మన' అనే మాట ఆమె నోట మొదటిసారి విన్నాను.

ఆ వయసులో గజ్జెల పట్టీలేంటని గూడూరులో నవ్వారట. ఆమె భర్తను నేను అన్నయ్య అంటాను. ఆయన "స్టేషన్లో రైలు శబ్దం కంటే నీ శబ్దమే ఎక్కువగా ఉండాది" అన్నాడని ఆమే చెప్పి నవ్వింది. బజారులోకి ఆమె వస్తుంటే పక్క అంగళ్ళవాళ్ళు తలలు తిప్పి పలకరించేవాళ్ళు. నా పెళ్ళయినప్పటి నుంచి నా కాళ్ళకు పట్టీలున్నాయి. ఆ శబ్దానికి ఎవరూ ఎప్పుడూ తల తిప్పలేదు.

అలా మేమిద్దరం ఒక పరుపు మీద పక్కపక్కన కూర్చున్న కాలం ఏడాది కూడా నిండలేదు. అప్పుడే పైన చెప్పిన ఫోను వచ్చింది.

గూడూరులో వాళ్ళ ఇంటి ముందు ఆరోజు వీధి పట్టనంత జనం. చుట్టాలు కొద్దిమందే. మిగతావాళ్ళంతా వెండి అమ్ముకున్నవాళ్ళు. మనుబోలు నుంచి, ఇందుకూరుపేట నుంచి, మైపాడు నుంచి, ఎవరి ద్వారా కబురు అందిందో, బస్సుల్లో ఆటోల్లో వచ్చారు. ఇంట్లో వస్తువు అమ్ముకున్న సంగతి మనుషులు మామూలుగా బయటపెట్టరు. పక్కింటికి కూడా తెలియకుండా సందుల్లోంచి వచ్చి, అమ్మి, సందుల్లోంచే పోతారు. ఆరోజు మాత్రం ఎవరు ఏది అమ్మారో బాహాటంగా చెప్పుకున్నారు. "మా అత్తగారి ఒడ్డాణం ఆయమ్మ చేతిలోనే పెట్టినా" అని ఒకామె. "నేను మా బిడ్డ మొలతాడు" అని ఇంకొకామె. కరుణమ్మ వాళ్ళ మధ్య నిలబడి, "నా పెళ్ళి కంచం" అంది, ఏదో బహుమతి అందుకున్నదాని గురించి చెప్పినట్టు. పోగొట్టుకున్న వస్తువులను గర్వంగా చెప్పుకునేలా చేసిన వ్యాపారి ఈ బజారులో ఇంకొకరు ఉన్నారని నేను వినలేదు.

కావలి నుంచి మా అమ్మాయి వచ్చి, అత్త పాదాల మీద పడి ఏడ్చింది. ఎత్తబోతే నన్ను తోసేసింది. నేను పక్కన నిలబడి, నేను పోయినప్పుడు ఇది ఇలాగే ఏడుస్తుందా అని ఆలోచించాను. ఆ తర్వాతే నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులో ఎంత వదిన కోసమో, ఎంత నాకోసమో విడదీసి చెప్పలేను. ఆమె ఉంటే చెప్పేదేమో.

కర్మలు అయ్యాక అంగడి తెరిచాం. పరుపు మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు. వచ్చినవాళ్ళు నాకే అమ్మారు. నా లాభం ఎంతో నేనూ చెబుతున్నాను. మొదట్లో నోరు తడబడింది, ఇప్పుడు అలవాటైంది. ఒకరిద్దరు నవ్వారు కూడా.

మొన్న ఒక మధ్యాహ్నం మైపాడు నుంచి ఒకామె వచ్చింది. ముందెప్పుడూ చూడలేదు. ఎండకు కమిలిన ముఖం, చీర కుచ్చిళ్ళకు ఎండిన ఇసుక. చేతిలో చిన్న మూట. నన్ను చూసి, వదిన గురించి అడిగింది. ఉన్న సంగతి చెప్పాను. ఆమె ఏడవలేదు, అయ్యో అని కూడా అనలేదు. సగం విప్పిన మూటను మళ్ళీ మెల్లగా కట్టుకుంది.

"నేను చూస్తానక్కా. ఆమె చూసినట్టే చూస్తా" అన్నాను.

"కాసేపు ఉండు తల్లీ" అని బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

వెళ్ళిపోతుందనుకున్నాను, పోలేదు. లోపలికి వస్తుందనుకున్నాను, రాలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని, ముడి మీద చెయ్యి వేసి, బజారులో పోయేవాళ్ళను చూస్తూ కూర్చుంది. మా ఆయన పిలవబోతే నేను వద్దని సైగ చేశాను. వదిన కోసం ఈమె కూర్చున్నట్టు, నా కోసం ఎవరైనా ఏనాడైనా ఒక మెట్టు మీద కూర్చుంటారా అని ఆమె వీపు వైపే చూస్తున్నాను. ఎండ జరిగి మెట్ల మీదికి వచ్చింది. ఆమె కొంచెం పక్కకు, నీడలోకి జరిగింది గాని లేవలేదు.